ప్లాస్టిక్ తిమింగలం

ఆ ఏడాది మా మామగారు కుక్కతో తప్ప మనుషులతో మాట్లాడేవారు కాదు.

అలాగని మౌనవ్రతం ఏమీ పట్టలేదు. ఏం కావాలన్నా నోరు తెరిచి అడిగేవారు. కాకపోతే ప్రతి మాటా గ్లెన్‌కి చెప్పేవారు.

"గ్లెన్, టీ చల్లారిపోయింది."

"గ్లెన్, పొయ్యిలో ఇంకో పీట్ పెళ్ళ వెయ్యమను."

"గ్లెన్, మా వాడితో చెప్పు, పడవ తాడు పురి వదిలింది."

గ్లెన్ గొర్రెల కుక్క. ఎండిన పీట్ మట్టి మండే పొయ్యి ముందు పడుకుని ఒక చెవి మాత్రం ఎత్తి వినేది. పని నేనో మా ఆయన మాన్సీయో చేసేవాళ్ళం.

మా అత్తగారు ఒస్లా చనిపోయిన రోజు నుంచీ ఇదే వరస. చర్చి నుంచి వచ్చి, టోపీ కొయ్యకి తగిలించి, "గ్లెన్, ఇక మనమిద్దరమే" అన్నారు మామగారు. నేనూ మాన్సీ ఆయన పక్కనే నిలబడి ఉన్నాం.

మాది స్కాట్లాండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో యెల్ దీవి. నేను పుట్టింది పక్కనే ఉత్తరాన ఉన్న అన్‌స్ట్ దీవిలో. మధ్యలో ఉన్నది గుక్కెడు సముద్రం. అయినా మామగారి దృష్టిలో నేను "ఆ ఉత్తరం పిల్ల"ని. ఆ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచింది అత్తగారే. మెరన్, మెరన్ అంటూ ఇల్లంతా నా వెనకే తిరిగేది. పోయే ముందు కూడా నా చెయ్యి పట్టుకుని ఒకే మాట అంది. "కేల్ పోనీకు మెరన్."

కేల్ అంటే ఉండ కట్టకుండా ఆకులుగా పెరిగే క్యాబేజీ. చలికాలమంతా మనుషులకీ గొర్రెలకీ మాకున్న పచ్చటి ఆకు అదొక్కటే. మా దగ్గర ఇంటికో కేల్ ఉంటుంది. విత్తనం ఎవరూ కొనరు. ఆ ఇంటి ఆడమనిషి గింజ కట్టి, కోడలి చేతిలోనో కూతురి చేతిలోనో పెడుతుంది. ఎవరి చేతిలో ఉంటే ఆ కేల్‌కి వాళ్ళ పేరు. మాది ఒస్లా కేల్. అంతకుముందు మామగారి తల్లి పేరున గిర్జీ కేల్. పేరు ఎప్పుడు మారుతుందో ఎవరూ చాటింపు వెయ్యరు. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు కొత్త పేరుతో పిలుస్తారు. అంతే, మారిపోతుంది.

అత్తగారు మంచంపట్టిన వేసవిలో ఎవరూ గింజ కట్టలేదు. ఆవిడ పోయిన చలికాలంలో గాలికి దొడ్డిగోడ కూలితే గొర్రెలు దూరి కేల్ మడిని నేలమట్టం చేశాయి. సీసాలో పాత గింజలున్నాయి కదా అనే ధైర్యంతో తడిగుడ్డలో మూటగట్టి పొయ్యి పక్కన పెట్టాను. రోజూ విప్పి చూసేదాన్ని. ఒక్క మొలక లేదు.

మార్చిలో మంచు కరిగాక గోడవార కొన్ని మోళ్ళు కనబడ్డాయి. మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తుడిచి చూశాను. కణుపుల దగ్గర ఆవగింజంత పచ్చదనం ఉంది.

ఒస్లా కేల్ అంటూ భూమ్మీద మిగిలింది అదే.

పక్కింటి ఎర్టీ గోడ అవతల నుంచి తొంగి చూశాడు. ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఎర్టీ తల కనిపించాల్సిందే.

"ఆ ఎండుపుల్లలకి ప్రార్థన చేస్తున్నావా అమ్మాయ్? నా కేల్ గింజలు గుప్పెడు ఇస్తాను, తీసుకెళ్ళు."

గుమ్మంలో నిలబడ్డ మామగారు గొంతు సవరించుకున్నారు.

"గ్లెన్, ఎర్టీ కేల్ తిన్న గొర్రెలు ఎర్టీలాగే తయారవుతాయని ఆ అమ్మాయికి చెప్పు."

"నాలాగ అంటే? అందంగానా?" అన్నాడు ఎర్టీ.

"పక్కవాడి దొడ్లోకి మెడ సాచి సాచి చచ్చిపోతాయి గ్లెన్."

ఎర్టీ పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గొర్రెలు మొదలంటా కొరికిన మోళ్ళు అవి. చిగురు వేసి, పువ్వెత్తి, గింజ ముదిరేసరికి సెప్టెంబర్ వచ్చేస్తుంది. సెప్టెంబర్ గాలి మా దీవిలో పచ్చికాయని కాడతో సహా ఎత్తుకుపోతుంది. గింజ తొందరగా పండాలంటే వాటికి వెచ్చదనం కావాలి.

ఆ సాయంత్రం సూపు గిన్నె బల్ల మీద పెడుతూ అన్నాను. "పాలీటన్నెల్ కడదాం మాన్సీ. గొట్టాలు వంచి, ప్లాస్టిక్ కప్పి. అన్‌స్ట్‌లో మా అక్కావాళ్ళు కట్టారు. లోపల టమాటాలు కూడా కాస్తున్నాయి."

మాన్సీ సాల్మన్ చేపల పెంపకంలో పని చేసేవాడు. చేపల పంజరాల పాత గొట్టాలు ఒడ్డున గుట్టలుగా పడి ఉండేవి. "గొట్టాలకేం, అడిగితే ఇస్తారు" అన్నాడు.

మామగారు రొట్టె తుంచి గ్లెన్‌కి విసిరారు. "ప్లాస్టిక్ ఇల్లట గ్లెన్! మన గాలికి చర్చి గంటే తనంత తాను మోగుతుంది. ఇది ఏ ఊళ్ళో దిగుతుందో అడుగు."

దానికి జవాబు వారం తిరక్కుండానే దొరికింది.

నేనూ మాన్సీ కలిసి నల్లగొట్టాలు వంచి దొడ్లో పాతాం. మీద ప్లాస్టిక్ లాగి, అంచులు మట్టిలో పూడ్చాం. మోళ్ళని మట్టిగడ్డలతో సహా లేపి లోపల నాటాను. రెండు రోజులు గాలి కాస్త శాంతంగానే ఉంది. మూడోనాడు పొద్దున లేచి చూస్తే గొట్టాలు పక్కటెముకల్లా నిలబడి ఉన్నాయి. చర్మం లేదు.

మధ్యాహ్నం ఎర్టీ ఆ ప్లాస్టిక్‌ని నేల మీద ఈడ్చుకుంటూ వచ్చాడు.

"మీ ఇల్లు మా పీట్ తవ్వకం మీద దిగింది. మా గుర్రం దాన్ని చూసి సముద్రం దాకా పరిగెత్తింది. దయ్యం అనుకుంది పాపం. ముందు నేనూ అదే అనుకున్నాను!"

నేను ఆ ఎముకల మధ్య కూర్చుని మోళ్ళ మీద గోనెలు కప్పుతున్నాను. ఏడవకూడదని పెదవి కొరుక్కుంటున్నాను. మామగారు వచ్చి టన్నెల్ చుట్టూ ఒకసారి నడిచారు. గొట్టాన్ని కాలితో తన్ని చూశారు. వంగి మోళ్ళని చూశారు. చాలాసేపు చూశారు.

తరవాత పడవల కొట్టంలోకి వెళ్ళిపోయారు.

తిరిగి వచ్చినప్పుడు ఆయన భుజం మీద హెర్రింగ్ వల ఉంది. యవ్వనం నుంచీ ఆయన హెర్రింగ్ చేపలు పట్టిన వల. తారు వాసన ఇంకా పోలేదు. ఆ వలని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

"గ్లెన్, ఈ పిల్లలకి చెప్పు. గాలిని ఆపుతామని బయలుదేరిన వాడి ఇల్లు నిలబడదు. మా తాత ఇంటికి గడ్డి కప్పు ఉండేది. దాని మీద వల పరిచి, అంచులకి రాళ్ళు వేలాడదీసేవాడు. గాలి వచ్చి కప్పుని లేపబోయేది. రాళ్ళు కొంచెం లేచేవి, మళ్ళీ కూర్చునేవి. కప్పు ఊపిరి పీల్చి వదిలినట్టు ఉండేది. అలా కట్టాలి."

ఏప్రిల్ అంతా కట్టాం. ఆయన మాకు ఒక్క మాట నేరుగా చెప్పలేదు. పని మాత్రం ముగ్గురం ఒకే తాడు పట్టుకుని చేశాం. "గ్లెన్, ఆ కొస గట్టిగా లాగమను" అనేవారు, నేను లాగేదాన్ని. "గ్లెన్, అది అన్‌స్ట్ ముడి, యెల్‌లో ముడి ఇలా వెయ్యరు" అనేవారు, విప్పి మళ్ళీ వేసేదాన్ని. ఒడ్డుకి కొట్టుకొచ్చిన దుంగలతో మాన్సీ తలుపు చేశాడు. ప్లాస్టిక్ మీద వల పరిచి, చుట్టూ రాళ్ళు వేలాడదీశాం. చివరికి మామగారు మోకాళ్ళ మీద దేకుతూ సందు కనిపించిన చోటల్లా తారు తాడు కుక్కారు, పచ్చిక గడ్డలు పేర్చారు.

"సూది మొన దూరదు గ్లెన్" అన్నారు నడుం మీద చేతులు పెట్టుకుని. "ఒస్లా చూస్తే ఏమనేదో!"

నల్ల ఎముకలు, తెల్ల చర్మం, మీద వల. దూరం నుంచి చూస్తే ఒడ్డున పడ్డ తిమింగలమే. ఆ పేరు పెట్టింది ఎర్టీ. మే నెలలో పెద్దగాలి వచ్చినప్పుడు ముగ్గురం కిటికీకి అతుక్కుపోయి చూశాం. రాళ్ళు లేచాయి, కూర్చున్నాయి. మళ్ళీ లేచాయి, కూర్చున్నాయి. తిమింగలం కదల్లేదు. మామగారు గ్లెన్ తల నిమిరి పైపు వెలిగించుకున్నారు.

లోపల వేరే లోకం. బయట కోటు లేకుండా నిలబడలేని రోజున కూడా లోపల చొక్కా చేతులు మడుచుకునేదాన్ని. మోళ్ళు కళ్ళముందే ఎగబాకాయి. జూన్ వచ్చేసరికి నా ఎత్తు పెరిగి, ఒళ్ళంతా పసుపురంగు పువ్వులు విరగబూశాయి. కొమ్మలు వాలిపోతుంటే దారంతో గొట్టాలకి కట్టాను. రాత్రిళ్ళు చీకటి పడని రోజులవి. వంట ముగించుకుని వెళ్ళి అక్కడ ఊరికే కూర్చునేదాన్ని. అత్తగారి పక్కన కూర్చున్నట్టే ఉండేది.

ఒకరోజు నేలంతా పసుప్పచ్చగా కనిపించింది. రాలిన రేకులు. ముందు ముచ్చటపడ్డాను. పువ్వు రాలితే కాయ మొదలవుతుంది కదా. కొమ్మ దగ్గరికి లాక్కుని చూశాను. కాయ లేదు. పక్క కొమ్మ చూశాను. ఎండిన తొడిమలు చేతిలోకి ఊడివచ్చాయి. ఏ కొమ్మ చూసినా అంతే.

ఎందుకో అర్థం కాక నిలబడిపోయాను. లోపల ఎంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడు గమనించాను. మా దొడ్లో జూన్‌లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ ఉండదు.

తుమ్మెదలు లేవు.

తరతరాలుగా గాలికి భయపడిన వాళ్ళం. గాలికి దారి లేకుండా మూసేశామని పొంగిపోయాం. గాలితోపాటు తుమ్మెద కూడా బయటే ఆగిపోతుందని మాకెవరికీ తోచలేదు. ఆరుబయట పెరిగిన కేల్‌కి తుమ్మెదని పిలవాల్సిన పని ఏ ఒస్లాకీ, ఏ గిర్జీకీ పడలేదు మరి.

పరిగెత్తి వెళ్ళి తలుపు బార్లా తెరిచాను. మామగారు ఇంట్లోంచి కర్ర పట్టుకుని వచ్చేశారు.

"గ్లెన్! తలుపు ముయ్యమను! పడమటి గాలి లోపల దూరిందంటే కడుపు ఉబ్బి పేలిపోతుంది!"

"తుమ్మెదలు రావాలి మామయ్యా. పువ్వులన్నీ గొడ్డుపోతున్నాయి."

"ఉత్తరం వాళ్ళకి తలుపు వెయ్యడం పుట్టుకతోనే రాదు గ్లెన్."

అంతవరకూ ఓర్చుకున్నాను. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. గ్లెన్ ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

"గ్లెన్, మీ యజమానికి చెప్పు. కాయ లేకుండా ఆ కప్పు ఎంత గట్టిగా ఉంటే ఎవరికి కావాలి? అత్తయ్య నన్ను అడిగింది కేల్‌ని చూడమని. తిమింగలాన్ని కాదు!"

గ్లెన్ నన్ను చూసింది, ఆయన్ని చూసింది, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని గొర్రెల వైపు వెళ్ళిపోయింది. మేమిద్దరం మిగిలాం. మామగారు తలుపు మూసి, గడియ పెట్టి, ఇంట్లోకి వెళ్ళిపోయారు.

మర్నాడు నేను జాడీ పట్టుకుని కొండ ఎక్కాను. మా తుమ్మెదలు బొద్దుగా, నారింజరంగు బొచ్చుతో ఉంటాయి. గడ్డిపువ్వు మీద వాలినదాన్ని వాలినట్టే జాడీలో పట్టి, మూతికి చెయ్యి అడ్డం పెట్టి, పరుగున వచ్చి లోపల వదిలేదాన్ని.

"మాన్సీ!" అని అరిచాడు ఎర్టీ రోడ్డు మీంచి. "మీ ఆవిడ ఈగల్ని మేపుతోందిరా! తాడేసి కట్టెయ్యండి!"

తుమ్మెదలకి పువ్వులు అక్కర్లేకపోయాయి. ప్లాస్టిక్‌కి తల కొట్టుకుంటూ బయటికి దారి వెతికాయి. సాయంత్రానికి నేల మీద కాళ్ళు పైకి పెట్టి పడి ఉన్నాయి. వాటిని దోసిట్లోకి ఎత్తుకుంటూ ఉంటే వెనక అలికిడయింది. మామగారు. ఎప్పటి నుంచి చూస్తున్నారో తెలియదు. నా చేతుల్లోకి చూసి వెళ్ళిపోయారు.

తెల్లవారి టీ తీసుకుని బయటికి వస్తే ఆయన టన్నెల్ దగ్గర ఉన్నారు. గాలిమరుగు వైపు, తూర్పు గోడలో, చేపల కత్తితో ప్లాస్టిక్‌ని కిటికీ అంత కోసేశారు. సూది మొన దూరదని మురిసిపోయిన గోడ అది. ఆ ఖాళీలో హెర్రింగ్ వల ముక్క బిగించి కుడుతున్నారు.

"గ్లెన్" అన్నారు, సూది మీంచి కళ్ళు ఎత్తకుండా. "వల గాలి నడుం విరుస్తుంది. చిన్న ప్రాణుల్ని పోనిస్తుంది. నలభై ఏళ్ళు చేతిలో పట్టుకున్నవాడికి గుర్తు రావడానికి ఇన్నాళ్ళు పట్టింది."

గ్లెన్ అక్కడ లేదు. గొర్రెలతో కొండ మీద ఉంది. ఆ సంగతి నేను ఆయనకి చెప్పలేదు.

మధ్యాహ్నానికి వలకన్నులోంచి మొదటి తుమ్మెద దూరింది. అటూ ఇటూ ఊగి, పసుపు పువ్వు మీద వాలింది. దాని బరువుకి పువ్వు వంగింది. జూలై వచ్చేసరికి పై కొమ్మల్లో సన్నటి పచ్చటి కాయలు బారులు తీరాయి. సగం పూత పోయినా సగం నిలబడింది. ఆ సగం చాలు.

ఆగస్టు చివర్లో కాయలు గోధుమరంగుకి తిరిగాయి. ఇంకో వారం ఆగితే కోయడమే అనుకున్నాను. మాన్సీ దీవి అవతలి వైపు చేపల పంజరాల దగ్గరికి వెళ్ళాడు. ఆ రోజు రేడియోలో గాలి హెచ్చరిక వచ్చింది. మాకది కొత్త కాదు. కొత్తగా ఉన్నది దిక్కు. ఆగ్నేయం.

మామగారు చెంచా కింద పెట్టారు. నేను కత్తి కోసం బల్ల సొరుగు లాగాను, అందిన కాయలైనా కోసుకుందామని. ఇద్దరం ఒకేసారి గుమ్మం దాటాం. టన్నెల్‌కి వల కుట్టిన కిటికీ ఉన్నది ఆ వైపే.

మేం వెళ్ళేసరికే తిమింగలం ఉబ్బుతోంది. వల గాలి నడుం విరిచే మాట నిజమే, కానీ ఆ గాలికి నడుం లేదు. గోనెలు అడ్డం పెడితే గోనెలు మా ముఖాల మీదికే ఎగిరివచ్చాయి. పైన రాళ్ళు లేచాయి. ఈసారి కూర్చోలేదు. నేలలో పాతిన గొట్టం అంగుళం అంగుళం పైకి వస్తోంది. ఆ గొట్టాలకే నేను కొమ్మల్ని కట్టాను. గొట్టం లేస్తే కేల్ వేళ్ళతో సహా లేస్తుంది. ముడులు విప్పబోయాను. తడిసి బిగుసుకుపోయాయి. యెల్ ముడులు.

మామగారు నడిమి గొట్టాన్ని రెండు చేతులా వాటేసుకుని వేలాడారు. ఆయన కాళ్ళు నేలని వదిలి మళ్ళీ ఆనాయి.

"మెరన్!"

గాలిలో ఎవరు పిలిచారో అని ఒక క్షణం చుట్టూ చూశాను.

"మెరన్, కత్తి ఉందా? కప్పు కొయ్యి!"

"మామయ్యా, మీరు కట్టిన..."

"పోతే పోనీ! కొయ్యమ్మా!"

నెత్తి మీద నుంచి మోకాలి దాకా ఒకే గీతలో చీరేశాను. గాలి పెద్ద అరుపుతో బయటికి పోయింది. మరో పక్క కూడా చీల్చాను. ప్లాస్టిక్ పేలికలై ఎగిరింది. ఉబ్బిన కడుపు తీసేసరికి గొట్టాలు కిందికి కూర్చున్నాయి. వాటి మీద రాళ్ళతో సహా వల వాలింది. చీలిన చోట మేమిద్దరం ఆ వలని గుంజి కొమ్మల మీదికి లాగి, అంచుల మీద కూర్చున్నాం. ముఖాలు కిందికి వంచుకుని, ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని, గాలి అలిసేదాకా అలాగే కూర్చున్నాం.

కొన్ని కాయలు పగిలాయి. చాలావరకు నిలిచాయి. కొమ్మల్ని కోసి కట్టలు కట్టి ఇంట్లోకి తెచ్చి, పొయ్యి పైన దూలానికి వేలాడదీశాం. మామగారు తడి మేజోళ్ళు ఊడదీసుకుని కుర్చీలో కూలబడ్డారు. గ్లెన్ మంచం కింద దాక్కుని ఉంది, ఎంత పిలిచినా రాలేదు.

ఆయన మంచం వైపు చూశారు. పొయ్యి వైపు చూశారు.

"టీ ఉందామ్మా?" అన్నారు.

పోశాను. చక్కెర ఎక్కువ వేశానని నాకే నేరుగా చెప్పి తిట్టారు.

ఇప్పుడు ఆయన లేరు. గ్లెన్ ఆయన కంటే ముందే పోయింది. తిమింగలం చర్మం ఎన్నిసార్లు మార్చామో గుర్తు లేదు. తూర్పు కిటికీలో వల మాత్రం ఆయన కుట్టినదే. దానికి ఇప్పుడు బయటివైపు ఒక చెక్కతలుపు ఉంది, ఆగ్నేయం గాలి కోసం. జూన్‌లో ఆ కన్నుల్లోంచి తుమ్మెదలు బారులు కట్టి వస్తుంటే నేను పని ఆపి చూస్తుంటాను. కానీ ఆ రోజుల్లోంచి ఒక్కటే తెచ్చుకోమంటే, నేను తెచ్చుకునేది తుమ్మెదల్ని కాదు.

మరుసటి వేసవిలో ఒక పూట. కొండ మీద మా గుండ్రటి రాతి దడిలో నారు పోశాం. గింజ గింజా మొలిచి నేల కనబడకుండా పచ్చగా ఉంది. మామగారు గోడ రాయి సర్దుతున్నారు. ఎర్టీ యథాప్రకారం మెడ సాచి గోడ మీద గడ్డం ఆనించి మామగారిని అడిగాడు.

"బాగా వచ్చిందే. ఏ కేల్ ఇది రాస్మీ? ఎక్కడిది గింజ?"

ఎండ వెచ్చగా ఉందని గ్లెన్ దడిలోకి దూకి, నారుమడి అంచున ఒళ్ళు విరుచుకుని పడుకోబోతోంది. మామగారు రాయి కింద పెట్టి అదిలించారు. ఆ ఒక్కసారి నిజంగానే కుక్కకి చెప్పారు.

"లే గ్లెన్, అవతలికి పో. అది మెరన్ కేల్."